ఎముక అతికింది, పాదానికి స్పర్శ ఎందుకు రాలేదు?

పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి ఆ వివరాలు వదిలేసి, ఉత్తరంలోని సంగతి మాత్రం చెబుతాను. రాసినామెకు నలభై నాలుగేళ్ళు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. సుమారు మూడు నెలల కిందట, కడిగిన మెట్ల మీద జారి కుడి చీలమండ విరిగింది. రెండు వైపులా ఎముక విరిగిందని ఆపరేషన్ చేసి, బయటి వైపు ప్లేటు, లోపలి వైపు రెండు స్క్రూలు వేశారు. ఆరు వారాలు సిమెంటు కట్టు. కట్టు విప్పాక ఎక్స్‌రే చూసి ఎముక బాగానే అతుకుతోందన్నారు, మెల్లగా బరువు మోపమన్నారు. ఇప్పుడు చేతికర్రతో ఇంట్లో తిరుగుతున్నారు.

బాధ నొప్పి గురించి కాదు. పాదం పైభాగం వేళ్ళ మొదళ్ళ దాకా మొద్దుబారింది. "మందపాటి సాక్సు వేసుకున్నట్టుంది. చెప్పు జారిపోయినా తెలియదు, వెనక్కి తిరిగి చూస్తే గడప దగ్గర పడి ఉంటుంది" అని రాశారు. బయటి వైపు కుట్ల మచ్చ పైకొసన చెయ్యి తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమని వేళ్ళ దాకా పాకుతుందట. పాదం పైకెత్తగలుగుతున్నారు, వేళ్ళు కదులుతున్నాయి. డాక్టరును అడిగితే "నరం దెబ్బతింది, టైము పడుతుంది" అని రెండు రకాల మాత్రలు రాశారు. వాటిలో ఒకటి వేసుకుంటే మత్తుగా ఉందని మానేశారు.

ఇంట్లో తలా ఒక మాట. అత్తగారు రోజూ రాత్రి ఉప్పు మూటతో కాపడం పెడుతున్నారు. పోయిన వారం స్నానం చేస్తుంటే పాదం మీద రూపాయి బిళ్ళంత బొబ్బ కనిపించింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు, "మూడు నెలలు నన్ను కూర్చోబెట్టి చేశారు, మనసు కష్టపెట్టుకుంటారు" అని. భర్త "నడుస్తున్నావు కదా, అలవాటైపోతుందిలే" అంటారు. తమ్ముడు "డాక్టరు నరం కోసేశాడు, కేసు వేద్దాం" అంటాడు. పక్కింటివాళ్ళు పుత్తూరు కట్టు కట్టించుకోవాల్సింది అంటున్నారు. శ్రావణ మాసం జాకెట్లు ఒప్పుకున్నారు, చీటీ డబ్బులు కట్టాలి. చివర్లో ఎప్పుడో గుర్తొచ్చినట్టు రెండు వాక్యాలు: "నాకు ఆరేళ్ళుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఎడమ కాలి వేళ్ళు కూడా రాత్రుళ్ళు చిమచిమలాడతాయి గానీ అది మామూలేలెండి."

ఆమె అడిగినవి మూడు: స్పర్శ తిరిగి వస్తుందా? మళ్ళీ ఆపరేషన్ చేయించుకోవాలా? మిషన్ తొక్కొచ్చా?

*

అమ్మా, మీరు అడగనిదాని నుంచి మొదలుపెడతాను. ఆ బొబ్బ. అది మానిందా, చితికిందా, నీరు కారుతోందా మీరు రాయలేదు. షుగరు ఉన్నవాళ్ళకు, అందులోనూ స్పర్శ లేని చోట, కాలిన పుండును ఇంట్లో ఉంచుకుని చూద్దాంలే అనడానికి లేదు. ఇంకా మానకపోతే ఈ ఉత్తరం చదివిన మర్నాడే దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపించండి. బొబ్బను మీరు గిల్లకండి, పసుపు గానీ టూత్‌పేస్టు గానీ రాయకండి. మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి వెళ్ళండి. దాని చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మర్నాటి దాకా కూడా ఆగొద్దు. కింద ప్లేటు ఉంది, పైన పుండు పడింది. అక్కడ చీము చేరనివ్వకూడదు.

కాపడం ఇవాళ్టితో ఆపేయాలి. వేడి తెలియని చోట వేడి పెట్టకూడదు. ఉప్పు మూటే కాదు, ఇటుక కాపడం, రబ్బరు సంచీలో వేడినీళ్ళు, హీటింగ్ ప్యాడ్, ఘాటు బామ్‌లు అన్నీ ఇందులోకే వస్తాయి. స్నానం నీళ్ళ వేడి కూడా ఆ కాలితో చూడకండి, మోచేత్తో చూడండి.

ఇక అసలు విషయం. మీరు తిమ్మిరి ఒకటే అనుకుంటున్నారు. నాకు మీ ఉత్తరంలో రెండు కనిపిస్తున్నాయి. ఒకటి విరిగిన కాలిది. రెండోది, మీరు "మామూలేలెండి" అని కొట్టిపారేసినది. రెంటికీ కారణాలు వేరు, చికిత్స వేరు. ఈ మూడు నెలల్లో అందరూ మొదటిదాని వెంటే పడ్డారు. నాకు రెండోదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

మొదటిది చూద్దాం. మొద్దుబారిన చోటు ఎక్కడో సరిగ్గా తెలిస్తే ఏ నరమో చాలావరకు చెప్పొచ్చు, ఎందుకంటే పాదంలో ఒక్కో చోటికి స్పర్శనిచ్చే నరం వేరు. అరికాలికి ఒకటి. చిటికెన వేలి వైపు అంచుకు ఒకటి. లోపలి అంచుకు, అంటే చీలమండ లోపలి గుబ్బ దగ్గర నుంచి కిందికి, ఇంకొకటి. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య ఉన్న చిన్న సందుకు విడిగా ఒకటి. మిగిలిన పాదం పైభాగమంతా మరో నరానిది. దాన్ని సూపర్ఫిషియల్ పెరోనియల్ నరం అంటారు. రిపోర్టుల్లో ఈ పేరు కనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను. అది పిక్క బయటి వైపు కండరాల మధ్య నుంచి దిగి, చీలమండకు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల పైన చర్మం కిందికి వస్తుంది. అక్కడి నుంచి పాదం మీదికి పరుచుకుంటుంది. మీకు ప్లేటు వేయడానికి పెట్టిన కోత పైకొస దాదాపు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మచ్చ పైన తగిలితే వేళ్ళ దాకా జివ్వుమంటోందని మీరే రాశారు. రెండూ కలిపి చూస్తే అనుమానం ఆ నరం మీదికే పోతుంది. ఉత్తరం చదివి చెప్పేది అంచనానే, చేత్తో చూసిన డాక్టరు మాటే పైమాట.

మీరే ఒక దూది ముక్కతో పరీక్షించుకోండి. బొటనవేలి పక్క సందులో, చిటికెన వేలి అంచున, అరికాల్లో తాకించి చూడండి. అక్కడ బాగానే తెలిసి, పైభాగంలో మాత్రమే తెలియకపోతే పై అంచనా బలపడుతుంది. ఆ సందులో కూడా తెలియకపోయినా, పాదం ఎత్తే బలం తగ్గినా కథ మారుతుంది. అప్పుడు మోకాలి కింద బయటి వైపు ఎముక మెడను చుట్టుకుని వచ్చే పెద్ద నరాన్ని చూడాలి. సిమెంటు కట్టు పై అంచు ఒత్తినా, వారాల తరబడి కాలు బయటికి వాలి దిండు మీద అదే చోట ఆనినా ఆ నరం నలుగుతుంది. అలాంటివాళ్ళకు నడుస్తుంటే పాదం ముందుభాగం నేలకు ఈడ్చుకుంటుంది. మీకు అలా లేదు, పాదం ఎత్తగలుగుతున్నానని రాశారు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. ఎందుకంటే, మీకు దెబ్బతిన్నదని నేను అనుకుంటున్న నరానికి ఆ చోటు దాటాక స్పర్శ తప్ప వేరే పని లేదు. కండరాలకు వెళ్ళే కొమ్మలన్నీ పైనే విడిపోయి ఉంటాయి. అది పూర్తిగా కోలుకోకపోయినా కాలి బలం పోదు.

అయితే కోలుకుంటుందా? దెబ్బ ఎంత లోతుగా తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. హెర్బర్ట్ సెడాన్ అనే బ్రిటిష్ సర్జన్ 1943లో నరాల గాయాలను మూడు మెట్లుగా విడదీశాడు. ఇప్పటికీ డాక్టర్లు అదే లెక్క వాడతారు. మీరు కుట్టుపని చేసేవారు కాబట్టి లంగా నడుం పట్టీలో బొందును ఊహించుకోండి. బొందు నరం లోపలి పోగు, పట్టీ దాని చుట్టూ ఉన్న తొడుగు. మొదటి మెట్టులో బొందు తెగలేదు, ఎక్కడో నలిగి ముడత పడింది. ఆ ముడత సర్దుకుంటే పని మొదలవుతుంది, సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపల. రెండో మెట్టులో లోపలి బొందు తెగింది గానీ పట్టీ బాగానే ఉంది. కొత్త బొందు ఆ పట్టీలోంచే మెల్లగా దూరి అవతలికి రావాలి. మూడోది, పట్టీతో సహా తెగిపోవడం. దానంతట అది అతకదు.

ఆపరేషన్‌లో కండరాలను పక్కకు లాగి పట్టుకున్నప్పుడు కలిగే దెబ్బ, వాపు వల్ల ఒత్తిడి, ఇవి ఎక్కువగా మొదటి రెండు మెట్లలోనే ఉంటాయి. రెండో మెట్టు అయితే ఓపిక చాలా కావాలి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే నెలకు మూడు సెంటీమీటర్లు. మీ మచ్చ పైకొస నుంచి వేళ్ళ దాకా 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే ఎనిమిది, పది నెలలు. పెరుగుదల మొదలవడానికి పట్టే కాలం దానికి అదనం. ఏడాదిన్నర దాకా కూడా మెరుగుదల కనిపిస్తూనే ఉంటుంది. "టైము పడుతుంది" అన్న మీ డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఎంత టైమో, మధ్యలో దేన్ని బట్టి తెలుసుకోవాలో చెప్పలేదు, అంతే. ఓపీలో ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు కూడా దొరకని చోట ఆ మాట మింగేస్తారు, చీకట్లో ఉండిపోయేది మాత్రం మీలాంటివాళ్ళు.

ఆ కొలత మీరే ఇంట్లో పెట్టుకోవచ్చు. వెలుతురున్న చోట కూర్చుని, దూదితో తాకుతూ స్పర్శ ఎక్కడ ఆగిపోతోందో అక్కడ చుక్కలు పెట్టండి. మీ దగ్గర మార్కింగ్ చాక్ ఉంటుంది గానీ చర్మం మీద స్కెచ్ పెన్ను మేలు. చుక్కలు కలిపి గీత గీసి ఫోన్లో ఫొటో తీసుకోండి. పదిహేను రోజులకోసారి, అదే పూట, అదే దూదితో. తర్వాత, వేళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ వేలి కొసతో మెల్లగా తట్టండి. ఎక్కడ తట్టినప్పుడు వేళ్ళలోకి జివ్వుమంటుందో అక్కడ ఒక గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు చూసి ఫ్రాన్స్‌లో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ 1915లో విడివిడిగా గమనించిన సంగతి ఇది. పెరుగుతున్న నరం కొస తట్టితే జివ్వుమంటుంది. ఆ గుర్తు నెలనెలా కిందికి, వేళ్ళ వైపు జరుగుతుంటే నరం దారిలో ఉన్నట్టు. నెలల తరబడి మచ్చ దగ్గరే ఉండిపోయి, చీర అంచు తగిలినా ఓర్చుకోలేనంతగా మారుతుంటే, నరం కొస అక్కడే గడ్డలా ముడిపడి ఉండొచ్చు. ఇప్పుడు మీకున్న ఆ కరెంటు షాక్ ఈ రెంటిలో ఏదన్నది ఒక్కసారి చూసి చెప్పలేం.

చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అనిపించడం మొదలైతే భయపడకండి. ఏమీ తెలియకుండా ఉండటం కంటే అది మెరుగే. మచ్చ తగ్గేటప్పుడు దురద పుట్టడం లాంటిదే అనుకుని చాలామంది దాన్ని పట్టించుకోరు, మీరు మాత్రం తేదీ వేసి రాసుకోండి.

ఇక ముందున్న దారులు. మొదటిది, ఇలాగే కొలుచుకుంటూ ఆగడం. స్పర్శ నరం ఒక్కటే దెబ్బతింటే ఆగడం వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. కండరాలకు వెళ్ళే నరమైతే అలా కాదు. నెలలు గడిచేకొద్దీ కండరం క్షీణించి, తర్వాత నరం వచ్చినా అందుకోలేదు. అందుకే పాదం ఎత్తలేక వేలాడిపోయేవాళ్ళ విషయంలో మూడు నుంచి ఆరు నెలల మధ్య ఏదో ఒకటి తేల్చుకుంటారు. మీకు ఆ తొందర లేదు. అయితే ఆగడమంటే పట్టించుకోకపోవడం కాదు. స్పర్శ లేని ఆ నెలలన్నీ పాదాన్ని కళ్ళతో కాపాడుకోవాలి.

రెండో దారి, నరాల పరీక్ష. ఎన్‌సీఎస్ అంటారు. చిన్న చిన్న కరెంటు తాకిడులిచ్చి నరం ఎంత వేగంగా, ఎంత బలంగా సంకేతం మోస్తోందో చూస్తారు. చురుక్కుమంటుంది గానీ ప్రమాదం లేదు. దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాల తర్వాతే అది నమ్మదగ్గ ఫలితం ఇస్తుంది, మీకు ఆ గడువు దాటింది. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల నరాల విభాగాల్లో, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల చేస్తారు. ప్రైవేటులో డబ్బు ఎక్కువ అవుతుంది. విరిగిన కాలి కోసమే అయితే "ఇప్పుడే ఎందుకు, మరో రెండు నెలలు గీతలు గీసి చూద్దాం" అనేవాణ్ణి. పాదం ఇంకా వాచి ఉంటే పైపై నరాల లెక్క సరిగ్గా దొరకదు కూడా. కానీ మీ విషయంలో చేయించుకోమనే అంటాను, ఎడమ కాలి కోసం. ఒకే పరీక్షలో రెండు కాళ్ళూ చూస్తారు. ఏది ఎముక తెచ్చిన తిమ్మిరో, ఏది షుగరు తెచ్చిందో విడిపోతుంది.

మూడోది మళ్ళీ ఆపరేషన్. ఇప్పుడైతే ఆ మాటే అనుకోవద్దు. స్పర్శ కోసం మాత్రమే నరాన్ని తెరిచి చూడటం అరుదు. ముడిపడిన నరం కొస నొప్పితో నిలవనీయకపోతేనో, స్క్రూ నేరుగా దాన్ని ఒత్తుతోందని తేలితేనో ఆలోచిస్తారు. ప్లేటు తీయించేస్తే తిమ్మిరి పోతుందని ఎవరైనా అంటే రెండుసార్లు ఆలోచించండి. ప్లేటు తీయడమంటే ఎముక గట్టిపడ్డాక, ఎక్కువగా ఏడాది దాటాక, అదే మచ్చ గుండా మళ్ళీ లోపలికి వెళ్ళడం. అదే నరం మళ్ళీ దారిలో ఉంటుంది. తీసినంత మాత్రాన స్పర్శ వస్తుందన్న హామీ లేదు.

పూర్తిగా రాకపోవచ్చన్న మాట కూడా చెప్పాలి. ఎక్కువమందికి ఆ మొద్దు చోటు కుంచించుకుంటూ పోయి, అరచేతిలో సగమంత మిగిలి, కొన్నాళ్ళకు వాళ్ళే మర్చిపోతారు. మీవారన్న "అలవాటైపోతుంది" అన్న మాట ఏడాది తర్వాత నిజమే కావచ్చు. ఇప్పుడు అనడం తొందరపాటు, బొబ్బ ఉన్న కాలిని చూస్తూ అనడం మరీను.

మాత్రల సంగతి. మీరు మానేసినది ప్రీగాబాలిన్ అని రాశారు. అది స్పర్శను తెచ్చే మందు కాదు, నరం వల్ల కలిగే మంటలనూ షాకులనూ తగ్గించేది. షాకులు ఓర్చుకోగలిగితే అది లేకపోయినా నరం పెరుగుదలకు నష్టం లేదు. రాత్రి నిద్ర పాడవుతుంటే, తక్కువ మోతాదులో పడుకునే ముందు మాత్రమే ఇవ్వగలరా అని డాక్టరును అడగండి. మొదట్లో మత్తు చాలామందికి ఉంటుంది, కొన్నాళ్ళకు తగ్గుతుంది. ఎక్కువ రోజులు వాడాక మాత్రం ఉన్నట్టుండి ఆపకూడదు. ఆ మత్తులో మిషన్ ముందు కూర్చోవద్దని వేరే చెప్పక్కర్లేదు. రెండోది మిథైల్‌కోబాలమిన్, బి12 విటమిన్. ఒంట్లో బి12 తక్కువగా ఉంటే అది చాలా అవసరం. సరిపడా ఉంటే దాని వల్ల ఒరిగేది తక్కువ. మీకు తక్కువగా ఉందో లేదో ఎవరూ చూసినట్టు లేదు.

అలా ఎడమ కాలి దగ్గరికి వచ్చాం. విరగని కాలికి, ఆపరేషన్ లేని కాలికి, రాత్రుళ్ళు వేళ్ళు చిమచిమలాడితే దానికి ప్లేటు కారణం కాదు. షుగరు నరాలను తినడం మొదలుపెట్టేది వేళ్ళ కొసల నుంచే, రెండు కాళ్ళకూ దాదాపు ఒకేలా. రాత్రుళ్ళు ఎక్కువ తెలుస్తుంది. కుడి కాలికి కూడా అది ఉండే ఉంటుంది, పెద్ద తిమ్మిరి కింద పడి కనిపించడం లేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 తగ్గుతుంది. శాకాహారులకైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. అది తగ్గినా ఇలాగే చిమచిమలాడుతుంది. షుగరు తిమ్మిరిని వెనక్కి తిప్పడం కష్టం, ముందుకు పోకుండా ఆపొచ్చు. బి12 లోటును తొందరగా పట్టుకుంటే చాలావరకు తిరిగి వస్తుంది. అందుకని రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, బి12 రెండూ చూపించుకోండి. బి12 పరీక్షకు ముందు ఆ మాత్రలు వాడుతున్నట్టు తప్పక చెప్పండి, లేకపోతే అంకె ఎక్కువగా వచ్చి లోటు దాక్కుంటుంది. మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు మానకండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద తాకించి చూసే పరీక్ష ఒకటుంది, రెండు నిమిషాల పని. షుగరు డాక్టరును అది చేయమని అడగండి. షుగరు అదుపులో లేకపోతే ఎముక అతకడమూ నెమ్మదిస్తుంది, నరం పెరగడమూ నెమ్మదిస్తుంది. నల్లేరు పచ్చడి, మటన్ పాయా తింటున్నానని రాశారు. తినండి, తప్పులేదు. కాకపోతే పాయాతో పాటు ఎంత అన్నం తింటున్నారో చూసుకోండి.

అత్తగారి సంగతి. బొబ్బ దాచారు చూడండి, అది ఆమెను కాపాడినట్టు కాదు. రేపు ఇంకోచోట కాలితే ఆమె మనసు ఇంకా కష్టపడుతుంది. చెప్పడానికి దారి ఉంది. "అత్తయ్యా, డాక్టరు వేడి పెట్టొద్దన్నాడు, నూనె మాత్రం మీ చేత్తోనే రాయమన్నాడు" అనండి. డాక్టరు మీద పెట్టి చెబితే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోరు. అబద్ధం కూడా కాదు, నేను అంటున్నాను కదా. కుట్లు పూర్తిగా మానిన చోట, పుండు లేని చోట, గోరువెచ్చన కూడా కాని మామూలు కొబ్బరినూనెతో మచ్చ మీద మెల్లగా గుండ్రంగా రుద్దితే మచ్చ కింది చర్మం అతుక్కుపోకుండా ఉంటుంది. పిక్క వాచి నొప్పిగా ఉన్న రోజు మాత్రం మర్దన వద్దు. ఇంకో పని కూడా ఆమెకే అప్పగించండి. రోజూ రాత్రి రెండు పాదాలూ, అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడటం. ఎర్రబడిందా, కోసుకుందా, ముల్లు దిగిందా అని. కాపడం పెట్టిన ఆ చేతులకు ఇది చాలా పెద్ద పని. ఆమె చూపు ఆనకపోతే కింద అద్దం పెట్టుకుని మీరే చూసుకోండి.

ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవొద్దు. మీ దగ్గర గుండుసూదులు, తెగిన మిషన్ సూదులు నేలమీద ఉంటాయి. జారిపోయే హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న ఎం.సి.ఆర్ (మెత్తటి రబ్బరు అట్ట) చెప్పులు తీసుకోండి. వేసుకునే ముందు చెయ్యి పెట్టి తడిమి చూసుకోండి.

మీ వృత్తే ఒక మంచి వ్యాయామం ఇస్తుంది. మొద్దుబారిన చోట చర్మానికి మళ్ళీ నేర్పించడానికి ఫిజియోథెరపిస్టులు రకరకాల గుడ్డలతో రుద్దిస్తారు. మీ ఇంట్లో వాటికి లోటు లేదు. పట్టు ముక్క, వెల్వెట్, మెత్తటి కాటన్, గరుకు నెట్టు, బక్రం. మొదట మెత్తటివి, అలవాటయ్యాక గరుకువి. మొదట చూస్తూ బాగున్న కాలికీ బాగులేని కాలికీ రుద్దండి, తర్వాత కళ్ళు మూసుకుని అది ఏ గుడ్డో చెప్పడానికి ప్రయత్నించండి. రోజుకు రెండు మూడు సార్లు, ఐదేసి నిమిషాలు. బొబ్బ మానేదాకా ఆ చోటు వదిలేయండి.

ఇప్పుడు మిషన్. మోటారు పెడల్ కుడి కాలి కింద ఉందని రాశారు. పెడల్ ఎంత నొక్కుతున్నామో చెప్పేది ముఖ్యంగా అరికాలి స్పర్శ, చీలమండ కదలిక. మీకు అరికాలు బాగానే తెలుస్తుంటే, మొద్దు పైభాగానికే పరిమితమైతే, పని దాదాపు చేయగలరు. అయినా చీలమండ బిగుసుకుని ఉంటుంది కాబట్టి కాలు ఆలస్యంగా లేస్తుంది, ఆ క్షణంలో వేలి మీదికి సూది దిగే ప్రమాదం ఉంది. మూడు దారులు చెబుతాను. పెడల్‌ను ఎడమ కాలికి మార్చుకోవచ్చు. వారం పది రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత కుదురుతుంది. ఎడమ కాలి అరికాలి పరీక్ష బాగుంటేనే సుమా. లేదా మోటారు బెల్టు తీసేసి కొన్నాళ్ళు కాలితో తొక్కొచ్చు. వేగం తగ్గుతుంది, కానీ పట్టెను ముందుకూ వెనక్కూ ఊపడం చీలమండకు కావలసిన కదలికే. ఎముక గట్టిపడిందని డాక్టరు చెప్పాకే, మొదట కొద్ది నిమిషాలే. మూడోది, మిషన్ పని వేరేవాళ్ళకిచ్చి కటింగ్, హెమ్మింగ్, హుక్సు, ఫాల్స్ మీరు ఉంచుకోవడం. కూలి కొంత పోతుంది, ఖాతాదారులు పోరు. ఒప్పుకున్న జాకెట్లలో పెళ్ళివాళ్ళవి, నమ్మకమైనవాళ్ళవి ఉంచుకుని మిగతావి ఇప్పుడే తిరిగి ఇచ్చేస్తే నాకు మనసు కుదుటపడుతుంది. శ్రావణం ముందు రోజు చెబితే వాళ్ళు తిట్టుకుంటారు, ఇప్పుడు చెబితే వేరేచోట ఇచ్చుకుంటారు. ఏ దారి పట్టినా, గంటకోసారి లేచి కాలు ఎత్తులో పెట్టుకోండి. వేలాడదీసి కూర్చుంటే పాదం వాచి తిమ్మిరి ఇంకా పెరుగుతుంది.

తమ్ముడికి ఇలా చెప్పండి. ఈ ఆపరేషన్‌లో ఈ నరానికి దెబ్బ తగలడం పుస్తకాల్లో రాసి ఉన్న ఇబ్బందే. జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు, జరగలేదని దాచినా మంచిది కాదు. ముందు కాగితాలు తెచ్చుకోమనండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రేలు. రోగి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని మన దేశంలో డాక్టర్ల నియమావళే చెబుతోంది. అవి ఎలాగూ రెండో డాక్టరుకు చూపించడానికి కావాలి. వాటితో అదే సర్జన్ దగ్గరికి వెళ్ళి, "ఆపరేషన్‌లో ఆ నరం కనిపించిందా, దాన్ని కాపాడారా, ఏమైనా నలిగిందా" అని మర్యాదగా అడగండి. సూటిగా జవాబు వస్తే మీకు కేసు కంటే అదే ఎక్కువ ఉపయోగం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. నరం ఏ దారి పడుతుందో అప్పటికి తెలిసిపోతుంది, కాబట్టి ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. పక్కింటివాళ్ళ పుత్తూరు కట్టు సంగతికొస్తే, రెండు వైపులా విరిగి కీలు పక్కకు జరిగిన చీలమండను మిల్లీమీటర్లలో సరిచేయాలి. మీకు ఆపరేషన్ చేయడం సబబే. ఆ చర్చ ఇక వదిలేయండి.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పిక్క ఉన్నట్టుండి వాచి, గట్టిపడి, నొప్పి పెడితే, లేదా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. పాదం ఎత్తే బలం తగ్గుతున్నట్టు అనిపిస్తే నెలాఖరు చెకప్ దాకా ఆగొద్దు. పాదం రంగు మారుతూ, ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా అవుతూ, చెమట పడుతూ, దుప్పటి తగిలినా మండిపోతుంటే అది మామూలు తిమ్మిరి కాదు, త్వరగా చికిత్స మొదలుపెడితేనే లొంగే ఇంకో రకం. మీలాగే కాలు విరిగి, ఇప్పుడే కట్టు కట్టించుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. కట్టు లోపల నొప్పి మాత్రలకు లొంగకుండా పెరుగుతూ, వేళ్ళు ఎవరైనా కదిపితే ప్రాణం పోయినట్టుండి, వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అర్ధరాత్రయినా వెళ్ళి కట్టు విప్పించుకోవాలి. అక్కడ గంటలే లెక్క.

మీరు ఈ వారంలో చేయాల్సింది బొబ్బ చూపించుకోవడం, ఆ రెండు రక్తపరీక్షలు. నరాల పరీక్షకు తేదీ దొరకడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా రెండు ఫొటోలు చేరతాయి. రిపోర్టులు, ఫొటోలు, ఆపరేషన్ నోట్సు చేతికొచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి ఎడమ కాలి సంగతి ఉత్తరం మొదట్లోనే రాయండి.